నాలుగు గొంతుకల పెట్టె: గుంపేయి యోకోయి

జపానుదేశమందలి క్యోటో నగరమున నింటెండో సంస్థ పువ్వుల బొమ్మల పేకముక్కలకు పేరుపొందియున్న కాలమది. 1965లో గుంపేయి యోకోయి అను యువకుడు అందు యంత్రములను బాగుచేయు పనికి చేరెను. 1941లో ఆ నగరముననే జన్మించి, దోషిషా విశ్వవిద్యాలయమున ఎలక్ట్రానిక్సు చదివిన ఆయనకు అదేమంత గొప్ప ఉద్యోగము కాదు. తీరిక వేళల వినోదమునకై సాగుచు ముడుచుకొను కృత్రిమహస్తము నొకదానిని చేసికొనగా, సంస్థాధిపతి యమౌచి దానిని చూచెను. 1966లో అది ఆటవస్తువై అంగళ్లకెక్కి పదిలక్షలకు పైగా అమ్ముడుపోయెను.

క్రొత్త సాధనముల వెంట పరుగెత్తుట యోకోయికి నచ్చదు. పాతబడి, చవుకయై, గుణదోషములన్నియు తెలిసిపోయిన వస్తువునకే ఎవరును తలపని వినియోగము కల్పించుట ఆయన మార్గము. లెక్కల యంత్రములలోని తెరవంటి దానితోనే 1980లో గేమ్ అండ్ వాచ్ అను చేతియాటను చేసెను. అది పలుకగలిగినది కీచుమను ఒంటి ధ్వని మాత్రమే.

1989 నాటి గేమ్‌బాయ్ నాలుగు గొంతుకలతో వచ్చెను. దాని ధ్వనిభాగమును రూపొందించినవాడు యోకోయి శాఖలోని సంగీతకారుడు హిరోకజు తనాకా. వాద్యముల ధ్వనులను నిలువచేసి వినిపించు స్తోమత ఆ చవుక యంత్రమునకు లేదు. నాదమును అప్పటికప్పుడు పుట్టింపవలెను. మొదటి రెండు గొంతుకలలో విద్యుత్తు వచ్చుచు ఆగుచునుండును. ఎంత త్వరగా మారిన శ్రుతి అంత హెచ్చు. ఒక్కొక్క ఆవృత్తిలో అది నిలుచు కాలము ఎనిమిదవ వంతు, పావు, సగము, ముప్పావు అని నాలుగు తెరగులు. ఇది మారినచో శ్రుతి మారదు, గొంతు మారును. పావును ముప్పావును మాత్రము చెవికి ఒక్కటియే! మూడవ గొంతుక 32 మెట్ల చిన్న అలను మరల మరల చదువును. తరచుగా మంద్రస్థాయి దాని వంతు. నాలుగవది స్వరము లేని బుసబుస. మద్దెల లేనిచోట అదియే మద్దెల.

అటారి, సెగా సంస్థలు రంగుల తెరలతో పోటీకి దిగెను. ఆ తెరలు బాటరీలను త్రాగివేసెను. యోకోయి పెట్టె తెర మసకయే. కాని నాలుగు బాటరీలతో గంటల తరబడి ఆడెను, పాడెను. టెట్రిస్ ఆటలో అది పాడిన రష్యా జానపద వరుస ఖండాంతరముల పిల్లలకు కంఠస్థమయ్యెను. గేమ్‌బాయ్, దాని రంగుల తమ్ముడు కలిసి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యెను.

1995 నాటి వర్చువల్ బాయ్ మాత్రము ఘోరముగా విఫలమయ్యెను. మరుసటి ఏట యోకోయి నింటెండోను వీడి కోటో అను చిన్న సంస్థను స్థాపించెను. 1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతపు రహదారిలో కారు దిగి నిలిచియుండగా వేరొక కారు ఢీకొని, 56వ ఏట మరణించెను.

ఆయన రూపకల్పనలో పాలుపంచుకొన్న వండర్‌స్వాన్‌ను బందాయ్ సంస్థ 1999లో వెలువరించెను. దానికి ఒక్క బాటరీయే చాలును. గొంతుకలు మరల నాలుగే. ఒక్కొక్కదానికి 32 మెట్ల అల.