అరచేతిలో దాగిన పేకముక్క: ఐంద్రజాలికుడు రాబర్ట్ హూడిన్ జీవితం

1820వ దశకం చివరి సంవత్సరాల మాట. ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డున ఉన్న బ్లువా పట్టణంలో ఒక యువకుడు గడియారాల పని నేర్చుకుంటున్నాడు. భోజనానికి కూర్చున్నప్పుడు అతని కుడిచేయి సూపు తాగే పనిలో ఉండేది. ఎడమచేయి మాత్రం కోటు జేబులోంచి బయటకు వచ్చేది కాదు. ఆ జేబులో పేకకట్ట ఉండేది. కట్టను ఒంటిచేత్తో రెండుగా విడదీయడం, కింది సగాన్ని చప్పుడు లేకుండా పైకి తేవడం, పైముక్కను వేళ్లతో జార్చి అరచేతిలోకి లాక్కోవడం అన్నీ ఆ చీకటి జేబులోనే సాగేవి. వీధిలో నడిచేటప్పుడు రెండు చేతులకూ అదే పని. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న ఒక రకం కోటుకు ఇరువైపులా పెద్ద జేబులు ఉండటం తన అదృష్టమని ఆయన తరువాత ఆత్మకథలో రాసుకున్నాడు.

ఆ యువకుడి పేరు జాన్ యూజీన్ రాబర్ట్. వివాహానంతరం భార్య ఇంటిపేరును కూడా కలుపుకొని రాబర్ట్ హూడిన్ అయ్యాడు. ఆధునిక ఇంద్రజాలానికి పితామహుడిగా ప్రపంచం ఆయనను గుర్తుంచుకుంది. అమెరికాలో ఎరిక్ వైస్ అనే మరో యువకుడు ఆ పేరు చివర ఒక అక్షరం చేర్చుకొని హూడినీగా మారాడు. అదే హూడినీ 1908లో తన గురువుగా భావించిన వ్యక్తిపైనే ఒక విమర్శ గ్రంథం రాసి, ఇతరుల ప్రయోగాలను ఆయన తనవిగా చెప్పుకున్నాడని ఆరోపించడం మరో కథ.

రాబర్ట్ హూడిన్ 1805 డిసెంబరులో జన్మించాడు. తండ్రి గడియారాల నిపుణుడు. అయినా కొడుకు న్యాయవాద సంబంధ వృత్తిలో స్థిరపడాలని ఆశించి, పదకొండేళ్ల వయసులో ఓర్లియాన్‌లోని కళాశాలకు పంపాడు. చదువు ముగిశాక దస్తావేజులు రాసే కార్యాలయంలో గుమాస్తాగా చేర్చాడు. అక్కడ కాగితాలు నకలు చేయవలసిన యువకుడు పక్షుల పంజరానికి యంత్ర పరికరాలు అమర్చుతూ కూర్చునేవాడు. చివరకు యజమానే తండ్రికి నచ్చజెప్పి, అతనిని దాయాది ఒకరి గడియారాల దుకాణానికి పంపేలా చేశాడు.

ఇంద్రజాలం అతని జీవితంలోకి పొరపాటుగా ప్రవేశించింది. గడియారాల తయారీపై బెర్తూ రాసిన గ్రంథం కావాలని పుస్తకాల దుకాణానికి వెళ్లాడు. వ్యాపారి తొందరలో వేరే పొట్లం అందించాడు. ఇంటికి వచ్చి విప్పితే అందులో వినోద ప్రయోగాలను వివరించే రెండు సంపుటాలు ఉన్నాయి. వాటిని తిరిగి ఇవ్వలేదు. అయితే ఆ పుస్తకాలు ఏమి చేయాలో చెప్పాయి గానీ, ఎలా చేయాలో చెప్పలేదు. పేకముక్కను అరచేతిలో దాచాలని ఒక వాక్యంలో రాయవచ్చు. ఆ వాక్యానికీ చేతికీ మధ్య నెలల సాధన ఉంటుంది.

ఆ సాధన స్వరూపాన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి. కట్ట ఎడమచేతిలో ఉంటుంది. దానిని సరిచేస్తున్నట్లుగా కుడిచేయి పైకి వస్తుంది. పైముక్కను ఎడమ బొటనవేలు కొద్దిగా ముందుకు తోస్తుంది. ముక్క ఒక మూల చిటికెనవేలి కొనకు, ఎదుటి మూల బొటనవేలి మొదట ఉన్న కండకు ఆనుతుంది. వేళ్లు కొద్దిగా వంగగానే ముక్క స్వల్పంగా విల్లులా వంగి, ఆ రెండు చోట్ల ఒత్తిడితోనే నిలుస్తుంది. ఇంతవరకు ఎవరైనా వారం రోజుల్లో నేర్చుకోగలరు. అసలు కష్టం తరువాత వస్తుంది. దాచిన చేయి దాచినట్లు కనిపిస్తుంది. బొటనవేలు కర్రలా బిగుసుకుపోతుంది. వేళ్ల మధ్య సందులు ఏర్పడి తెల్లని అట్ట తొంగిచూస్తుంది. సందులు మూయాలని వేళ్లు దగ్గరకు చేరిస్తే చేయి చెక్కబొమ్మ చేయిలా అవుతుంది. పైగా అప్పటి ముక్కల మూలలు నేటివాటిలా గుండ్రంగా కాక కోసుగా ఉండేవి.

వీటన్నిటికంటే పెద్ద శత్రువు కన్ను. చేతిలో ఏదో ఉందన్న స్పృహ కలగగానే మనిషి చూపు అటువైపు పోతుంది. ప్రేక్షకుడు ఐంద్రజాలికుడి చూపును అనుసరిస్తాడు కనుక రహస్యం అక్కడే బయటపడుతుంది. చేతిని మరచిపోయేంతగా చేతికి పని నేర్పడమే దీనికి మార్గం. ఆ యువకుడు ఇందుకు వేరొక విద్యను ఆశ్రయించాడు. కాలి ఆనెకాయలు కోసి జీవించే మావూస్ అనే వ్యక్తి వద్ద బంతులు ఎగరవేయడం నేర్చుకున్నాడు. నాలుగు బంతులు గాలిలో ఉండగా ఎదుట తెరచి ఉంచిన పుస్తకాన్ని తడబడకుండా చదవడం అలవాటు చేసుకున్నాడు. ముప్పై ఏళ్ల తరువాత కూడా మూడు బంతులతో ఆ పని చేయగలిగానని ఆయన రాశాడు. జేబులో సాధన వెనుక ఉన్నది కూడా ఇదే ఉపాయం. జేబులోకి కన్ను పోలేదు. చేయి తనంతట తాను తెలుసుకోవలసిందే.

ఆత్మకథలో ఆయన చెప్పిన ప్రతి విషయాన్నీ యథాతథంగా స్వీకరించలేం. తోరిని అనే సంచార ఐంద్రజాలికుడు తనను అనారోగ్యం నుంచి కాపాడి, విద్య నేర్పాడంటూ అందులో ఒక సుదీర్ఘ గాథ ఉంది. అటువంటి వ్యక్తి జీవించినట్లు పరిశోధకులకు ఆధారాలు లభించలేదు. గొప్పవాడికి గొప్ప గురువు ఉండాలన్న కోరిక ఆయనను కూడా వదలలేదేమో! ఆనెకాయలు కోసే మావూస్ మాత్రం కల్పించుకోవలసినంత గొప్ప గురువు కాడు. అందుకే ఆ భాగం నమ్మదగినదిగా తోస్తుంది.

1830లో జోసెఫ్ సెసీల్ హూడిన్‌ను వివాహమాడి పారిస్ చేరాడు. మామగారు కూడా గడియారాల నిపుణుడే. తరువాతి పదిహేనేళ్లు యంత్రాలతో, అప్పులతో, దుఃఖంతో గడిచాయి. ఎనిమిది మంది సంతానంలో ముగ్గురే మిగిలారు. 1843లో భార్య మరణించింది. మరుసటి ఏడాది పారిస్ ప్రదర్శనలో, ప్రశ్నలకు జవాబులు రాసి బొమ్మలు గీసే ఆయన మరబొమ్మకు వెండి పతకం లభించింది. దానిని అమెరికా వినోద వ్యాపారి పి.టి. బార్నమ్ కొనుగోలు చేశాడు. మిత్రుడైన ఒక ప్రభువు ఇచ్చిన ధనసహాయంతో 1845 జులై 3న పాలె రొయాల్‌లో సుమారు రెండు వందల ఆసనాల చిన్న రంగశాలను ప్రారంభించాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు నిండవస్తున్నాయి. తొలి ప్రదర్శనలో భయంతో మాటలు తొందరగా దొర్లిపోయాయి. ఈ పని మానుకోవడమే మేలని ఒక మిత్రుడు సలహా ఇవ్వడంతో పట్టుదల పెరిగి కొనసాగించాడట.

అంతవరకు చాలామంది ఐంద్రజాలికులు పొడవాటి అంగీలతో, నేలను తాకే వస్త్రాలు కప్పిన బల్లలతో ప్రదర్శనలు ఇచ్చేవారు. ఆ అంగీలలో, ఆ బల్లల కింద ఏమైనా దాగవచ్చు. ఈయన ఆ కాలపు పెద్దమనుషులు విందులకు ధరించే దుస్తుల్లో, కాళ్లు కనిపించే తేలికపాటి బల్లల మధ్య నిలిచాడు. దాచుకునే చోట్లను తానే తగ్గించుకున్నాడు. అప్పుడు భారమంతా అరచేతిపై పడింది. ఆయన నారింజ చెట్టు ప్రేక్షకుల ఎదుటే పూలు పూసి, కాయలు కాచేది. దాని పైనుంచి యాంత్రిక సీతాకోకచిలుకలు ప్రేక్షకురాలి చేతిరుమాలును ఎత్తి చూపేవి. జనం చెట్టును చూసి విస్మయం చెందేవారు. ఆ రుమాలు అంతకుముందు ఎప్పుడు మాయమైందో ఎవరూ గమనించేవారు కాదు. యంత్రం కీర్తి తెచ్చింది గానీ దానికి దారి వేసింది చేయి.

1847లో ఆయన ప్రదర్శించిన ఒక అంశానికి మన దేశంతో సంబంధం ఉంది. కుమారుడు ఒక కర్రపై మోచేయి ఆన్చి గాలిలో అడ్డంగా తేలియాడేవాడు. అప్పట్లో శస్త్రచికిత్సలో కొత్తగా వాడుకలోకి వచ్చిన ఈథర్ వాసన ప్రభావమని ప్రేక్షకులను నమ్మించేవారు. అంతకు సుమారు పదిహేనేళ్ల ముందే మద్రాసులో ఒక వృద్ధ బ్రాహ్మణుడు కర్రపై చేయి ఆన్చి గాలిలో కూర్చునేవాడని ఆంగ్ల పత్రికలు వర్ణించాయి. ఆయన పేరును శేషల్ అని రాశాయి. పారిస్ ప్రయోగానికి మూలసూత్రం అదేనని ఇంద్రజాల చరిత్రకారులు భావిస్తారు. పారిస్ పేరు నిలిచింది. మద్రాసు వృద్ధుడి గురించి ఆ కొద్ది పత్రికా వర్ణనలే మిగిలాయి.

ఇంతకంటే ఇబ్బందికరమైన అధ్యాయం 1856 నాటిది. అల్జీరియాను ఆక్రమించిన ఫ్రెంచి ప్రభుత్వం, అక్కడి మరబూలు అనే మతగురువుల ప్రభావాన్ని దెబ్బతీయడానికి విశ్రాంతిలో ఉన్న ఈ ఐంద్రజాలికుడిని పంపింది. అల్జీర్స్ రంగశాలలో తెగల నాయకుల ఎదుట ఒక చిన్న పెట్టెను ఉంచి, బలవంతుడైన వ్యక్తిని ఎత్తమన్నాడు. కింద దాచిన విద్యుదయస్కాంతం దానిని కదలనివ్వలేదు. పిడిని పట్టుకున్నవాడికి విద్యుద్ఘాతం తగిలింది. తన ప్రదర్శన తిరుగుబాటు భావాన్ని చల్లార్చిందని ఆయన గర్వంగా రాశాడు. ఆ ఫలితానికి ఆయన మాటే ప్రధాన సాక్ష్యం. పరాయి పాలన రుచి తెలిసిన పాఠకుడు ఈ పుటలను చప్పట్లు కొడుతూ చదవలేడు. ప్రేక్షకుడు ఇష్టపడి మోసపోవడం వేరు, తుపాకుల నీడలో మోసపోవడం వేరు.

ఆశ్చర్యమేమంటే, చేతి నేర్పు ఎక్కడ వినోదంగా ఉండి ఎక్కడ నేరంగా మారుతుందన్న ప్రశ్నపై ఆయన స్వదేశంలో ఎంతో శ్రద్ధ చూపాడు. 1849లో పారిస్ న్యాయాధికారి ఒకరు, ఒక అనుమానితుడి వద్ద స్వాధీనం చేసుకున్న 150 పేకకట్టలను పరీక్షించమని కోరారు. ముక్కల వీపులు తెల్లగా, ఏ గుర్తూ లేకుండా ఉన్నాయి. భూతద్దంతో దాదాపు రెండు వారాలు వెదికినా ఏమీ దొరకలేదు. విసిగి ఒక ముక్కను పక్కకు విసిరినప్పుడు, దూరం నుంచి దాని నున్నని ఉపరితలంపై ఒకచోట కాంతి మందగించినట్లు తోచింది. దగ్గరకు తీసుకుంటే మచ్చ మాయం. ప్రతి ముక్కపైనా అటువంటి మెరుపు తగ్గిన చుక్క ఉందని, అది ఉన్న స్థానాన్ని బట్టి ముక్క రంగు, విలువ తెలుస్తాయని అప్పుడు తేలింది.

1861లో ఆయన పేకాట మోసాలను బయటపెడుతూ ఒక పుస్తకం ప్రచురించాడు. ముక్కను అరచేతిలో దాచడం, కోసిన కట్టను మళ్లీ యథాస్థితికి తేవడం, తాను కోరుకున్న ముక్కనే ఎదుటివాడు తీసేలా చేయడం వంటి విద్యలు అక్కడ దోపిడీ సాధనాలుగా కనిపిస్తాయి. 1868లో వచ్చిన మరో గ్రంథంలో అవే విద్యలను వేదికపై ప్రదర్శించదలచిన వారికి పాఠాలుగా బోధించాడు. దొంగకూ తనకూ కదలికలో తేడా లేదని తెలిసిన మనిషి రెండు పుస్తకాలూ రాయడం సాహసమే. మొదటిది మోసగాళ్లకు పాఠ్యగ్రంథం కాగలదన్న అభ్యంతరం సహజం. వృత్తి మోసగాడికి ఇవి ముందే తెలుసు, తెలియనిది అతని ఎదుట కూర్చున్న అమాయకుడికే. ఈ వాదనను పూర్తిగా అంగీకరించకపోయినా తోసిపుచ్చడం కష్టం. రెండో గ్రంథంలో మంత్రదండం వంటి వస్తువేదైనా దాచిన చేతితో పట్టుకుంటే వేళ్లు సహజంగా ముడుచుకొని ఉంటాయన్న సూచన ఉంది. ఆ చిట్కాను నేటికీ కొత్తగా నేర్చుకునేవారికి చెబుతారు.

చివరి సంవత్సరాలు బ్లువా సమీపంలోని సెయింట్ జెర్వే గ్రామంలో, విద్యుత్ గంటలు, గడియారాలు అమర్చిన ఇంట్లో గడిచాయి. 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చింది. సైన్యంలో ఉన్న కుమారుడు యూజీన్ ఆగస్టు 6న రైషోఫెన్ వద్ద తీవ్రంగా గాయపడి కన్నుమూశాడు. శత్రుసేనలు బ్లువా వరకు వచ్చాయి. 1871 జూన్ 13న రాబర్ట్ హూడిన్ న్యుమోనియాతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 65 ఏళ్లు. పారిస్ రంగశాలను 1888లో జార్జ్ మెలియెస్ కొనుగోలు చేశాడు. ఆయనే తరువాత తొలినాటి చలనచిత్ర దర్శకులలో ప్రముఖుడయ్యాడు. నారింజ చెట్టు మొదలైన యంత్రాల రహస్యాలను వివరించే రాతప్రతి అసంపూర్ణంగా మిగిలి, ఆయన మరణించిన ఆరేళ్లకు, 1877లో అచ్చయింది.