మెచ్నికోవ్: పురుగుకు బూజు పట్టించిన శాస్త్రజ్ఞుడు

వంగ, టమాటా, బెండ మొక్క పీకితే వేళ్లకు బొడిపెలు కనపడటం కూలీలందరికీ తెలిసిందే. అది నులిపురుగు పని. దానికి వట్టి చేతులతో విషపు గుళికలు చల్లేదీ, ఆ వాసన పీల్చేదీ మనవాళ్లే. బూజుతో పురుగును చంపవచ్చని మీటింగుల్లో చెబితే నవ్వుతున్నారు. అందుకే ఇల్యా మెచ్నికోవ్ సంగతి రాస్తున్నాము.

ఆయన 1845లో ఖార్కోవ్ దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. ఇప్పుడది ఉక్రెయిన్, అప్పుడు జార్ల రష్యా. తండ్రి సైనికాధికారి, భూస్వామి. అంటే మన వర్గంవాడు కాదు, ఆ మాట దాచిపెట్టి లాభం లేదు. నాలుగేళ్ల యూనివర్సిటీ చదువు రెండేళ్లలో ముగించి, 1870లో ఒడెస్సాలో ప్రొఫెసరయ్యాడు. 1873లో మొదటి భార్య క్షయతో పోతే, ప్రాణం తీసుకోబోయి బతికాడు.

1878-79 నాటికి ఆ ప్రాంతపు గోధుమ చేలను ఒక పెంకుపురుగు నాశనం చేస్తోంది. 1861లో భూదాస్యం రద్దయినా, భూమికి కిస్తులు కట్టలేక చస్తున్న రైతుకు ఇది మరో దెబ్బ. పట్టుపురుగులు రోగమొచ్చి చస్తాయని అప్పటికే తెలుసు. మరి పంట తినే పురుగుకు రోగమెందుకు రాదు? మెచ్నికోవ్ ఆలోచన ఇదీ. నేలలోని పిల్లపురుగులను ఏరించి చూశాడు. కొన్ని ఒంటినిండా పచ్చటి పొడితో చచ్చివున్నాయి. ఆ పొడి బూజు విత్తనమే! అది తగిలిన మంచి పురుగులు కూడా చచ్చాయి. 1879లో ఈ సంగతి అచ్చువేశాడు. బీరు కాచే మొలకధాన్యపు ముద్ద మీద ఆ బూజును పెంచవచ్చని కూడా చూపాడు. ఇవాళ మన దుకాణాల్లో మెటారైజియం పేరుతో అమ్మేది ఆ బూజునే.

1884లో క్రాసిల్‌షిక్ అనే శాస్త్రజ్ఞుడు స్మేలాలో ఆ విత్తనాన్ని పెద్దయెత్తున తయారుచేయించాడు. అయితే అది చక్కెర దుంప పురుగు మీదికి. గోధుమ రైతు కష్టంలోంచి పుట్టిన విద్య ముందు చేరింది ఎవరి పొలానికో చూడండి.

1881లో జార్ హత్య తరువాత యూనివర్సిటీల మీద నిర్బంధం పెరిగింది. 1882లో మెచ్నికోవ్ ఉద్యోగం వదిలేశాడు. విప్లవకారుడు మాత్రం కాడు. శాస్త్రమే అన్నీ చక్కబెడుతుందని నమ్మాడు, అక్కడే ఆయనతో మాకు పేచీ. ఒంట్లోని కణాలు రోగక్రిములను మింగుతాయని కనిపెట్టి, 1888లో పారిస్‌లో పాశ్చర్ దగ్గర చేరాడు. 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. పెరుగు తింటే ఆయుష్షు పెరుగుతుందని ప్రచారం చేసిందీ ఈయనే! 1916లో పోయాడు.

నులిపురుగు జోలికి ఆయన పోలేదు. ఆయన పారిస్ చేరిన 1888లోనే జర్మనీలో జోఫ్ అనే పండితుడు, ఉచ్చులు పన్ని నులిపురుగును పట్టి తినే బూజును చూశాడు. ఇప్పుడు కూరగాయలకు వాడేది ఇంకోటి, పెసిలోమైసిస్. అది నులిపురుగు గుడ్లలోకి దూరి తింటుంది. బాగా చివికిన పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి తడి ఉన్న నారుమడికి వేయాలి. గుళికల్లాగా వెంటనే పనిచెయ్యదు, అదొక్కటే చాలదు కూడా. కానీ చల్లిన చెయ్యి కాలదు. గుళికలకు పిలిచే ఆసామిని, నారుమడికి ఇది వేశావా అని ముందే అడగండి. పొడి కొంటే ప్యాకెట్టు మీద తేదీ చదివించుకోండి. అందులో ఉన్నది ప్రాణమున్న బూజు, ఎండలో పడేస్తే చస్తుంది.