శ్రీహరికోట పేరులో నిలిచిన సతీశ్ ధావన్

చిన్నారులారా! సాయంకాలం మన ఫరీజ్ అబ్దుల్ అజీజ్ మేడల మీదుగా విమానం సాగిపోతుంటే మీరు తలలెత్తి చూస్తారు. అంత బరువైన యంత్రాన్ని గాలి ఎట్లా మోస్తుందని మీలో ఒకరు నన్ను అడిగారు. ఆ ప్రశ్న వెంటనే జీవితమంతా నడిచిన ఒక మహనీయుని కథ వినండి.

సతీశ్ ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. లాహోరులో గణితం, భౌతికశాస్త్రం, ఆంగ్ల సాహిత్యం, మెకానికల్ ఇంజనీరింగు చదివారు. లెక్కలంటే ఇష్టమున్నవారికి పద్యాలు ఎందుకని అడిగే పిల్లలు ఈ వాక్యాన్ని మరొకసారి చదవాలి! బెంగళూరులోని విమాన కర్మాగారంలో కొంతకాలం పనిచేసి, అమెరికా వెళ్ళి, 1951లో కాల్‌టెక్ నుండి డాక్టరేటు పొందారు. ఆ ఏడే బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఉపాధ్యాయులయ్యారు.

అక్కడ వారు గాలి సొరంగాన్ని నిర్మించారు. విమానం గాలిలో పరుగెత్తడానికి బదులు, చిన్న నమూనాను కదలకుండా నిలిపి, దాని మీదుగా గాలినే పరుగెత్తిస్తారు. ధ్వని కంటె వేగంగా గాలి వీచే సొరంగం మన దేశంలో మొదట నెలకొన్నది వారి కృషి వల్లనే.

1971 డిసెంబరులో విక్రమ్ సారాభాయి మరణించారు. అంతరిక్ష కార్యక్రమాన్ని చేపట్టమని ప్రధాని ఇందిరాగాంధీ ధావన్‌ను కోరారు. బోధనా సంస్థను విడువనని, అంతరిక్ష కార్యాలయం బెంగళూరులోనే ఉండాలని వారు కోరి, 1972లో ఆ బాధ్యత స్వీకరించారు. పెద్ద పదవి వచ్చినా బడిని వదలని ఆ పట్టుదల, ఉపాధ్యాయుడనైన నాకు ఎంతో ప్రియమైనది.

ఇక మన తెలుగునేలకు వద్దాం. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట ఉన్నది. పూర్వం అక్కడ యానాదులు నివసించేవారు. రాకెట్ల కోసం వారు తమ చోటు విడువవలసి వచ్చింది. చెరకుతోటల పనికి ఓడ ఎక్కిన వారి మునిమనుమడిని గనుక, ఈ మాట చెప్పకుండా ముందుకు సాగలేను.

1979 ఆగస్టు 10న అక్కడినుండి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు లేచింది. రెండవ దశలో అదుపు తప్పి, 317 సెకన్లకే సముద్రంలో పడిపోయింది. ఎన్నో ఏండ్ల శ్రమ నీటిపాలయింది. ఆ పనికి నాయకుడు అబ్దుల్ కలాం. విలేకరులు ప్రశ్నలతో కాచుకొని ఉన్నారు. కలాంను వారి ముందుకు పంపక, ధావన్ తామే వెళ్ళి నిలిచారు. లోపానికి బాధ్యత తమదేనన్నారు. తమ బృందంపై నమ్మకమున్నదని చెప్పారు.

మరుసటి ఏడు, 1980 జూలై 18న, అదే తీరు రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆనాడు విలేకరుల ముందుకు వెళ్ళమని ధావన్ కలాంనే పంపారు. తాము వెనుకనే ఉండిపోయారు. ఆ మొదటి రోజున కలాం స్థానంలో మీరుంటే ఏమనిపించేదో ఒక్క క్షణం ఊహించండి.

ధావన్‌కు పక్షులంటే ప్రాణం. అవి ఎగిరే తీరుపై పుస్తకమే వ్రాశారు. 2002 జనవరి 3న కన్నుమూశారు. ఆ ఏడాదే శ్రీహరికోట కేంద్రానికి వారి పేరు పెట్టారు. చలికాలంలో పులికాట్‌కు రాజహంసలు వస్తాయి. ఇక్కడి అల్ తఖీరా మడ అడవులకూ వస్తాయి. ఈసారి అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు, అవి నీటిమీద పరుగెత్తి గాలిలోకి లేచేవేళ రెక్కలను శ్రద్ధగా గమనించి, చూచినది బొమ్మగా గీసి నాకు తెచ్చి ఇవ్వండి.