ముసవ్విర్ జంగ్ – రాజా దీన్ దయాళ్

హైదరాబాదు నగర చరిత్రను వ్రాసినవారు పలువురున్నారు. దానిని కన్నులకు కట్టినట్లు చూపినవారు మాత్రం అరుదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటి దర్బారులను, దేవిడీలను, వేటలను, విందులను నేడు మనం ఊహించుకోగలుగుతున్నామంటే, అందుకు ముఖ్యకారకుడు ఒక్క వ్యక్తి. ఆయన ఈ నగరంలో పుట్టినవాడు కాదు. ఈ నేల భాష ఆయన మాతృభాష కాదు. అయినప్పటికీ చార్మినారును, మక్కా మసీదును, చౌమహల్లాను, ఫలక్‌నుమాను ప్రపంచానికి చూపించినవారిలో ఆయనదే అగ్రస్థానం. ఆయనే రాజా దీన్ దయాళ్. ఆ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థినీ విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపాన గల సర్ధనా పట్టణంలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇందోరు నగరంలో ప్రభుత్వ నిర్మాణశాఖలో ఉద్యోగంలో చేరారు. అంచనాలు వేయుట, నమూనాలు గీయుట ఆయన పని. కట్టడాలను కొలతలతో చూడడం, రేఖను సరళంగా గీయడం, వెలుగు ఏ గోడపై ఏ వేళ పడునో గమనించడం ఆ ఉద్యోగం నేర్పిన విద్యలే. తదుపరి కాలంలో ఆయన ఛాయాచిత్రాలలో కనిపించే కూర్పునకు, నిలకడకు పునాది అక్కడే పడిందని మేము భావిస్తున్నాము. కళాకారుడు ఆకాశం నుండి ఊడిపడడు. ఏదో ఒక బల్ల ముందు కూర్చుని, ఏదో ఒక పనిని శ్రద్ధగా చేసిన చేయియే క్రమంగా కళాకారుని చేయి అవుతుంది.

ఇందోరులో ఉండగానే ఆయన మనస్సు ఛాయాచిత్రకళ వైపు మరలింది. ఇందోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు, మధ్యభారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉండిన సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటన సందర్భంలో చిత్రాలు తీసే అవకాశం లభించింది. 1880 దశకం తొలిభాగంలో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి, ప్రాచీన దేవాలయాలను, కోటలను చిత్రించారు. మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడాలను గురించి గ్రిఫిన్ వెలువరించిన గ్రంథానికి ఆ చిత్రాలే ప్రాణం పోశాయి. ఆ పిమ్మట ఆయన ప్రభుత్వోద్యోగానికి స్వస్తి చెప్పారు. నెలజీతం, పింఛను గల కొలువును విడిచి, గాజుపలకలపై జీవనం సాగించుటకు పూనుకొనడం ఆ రోజుల్లో సామాన్య సాహసం కాదు.

నాటి కెమెరా ఎట్టిదో నేటి విద్యార్థులకు తెలియడం అవసరం. అది అరచేతిలో ఇమిడే వస్తువు కాదు. ముక్కాలిపీటపై నిలిపిన పెద్ద చెక్కపెట్టె. ముందు ఇత్తడి గొట్టంలో కటకం, నడుమ ముడుతలు గల తోలుతిత్తి, వెనుక గరుకు గాజుపలక. చిత్రకారుడు నల్లగుడ్డ తలపై కప్పుకొని చూస్తే ఆ గాజుపై ఎదుటి దృశ్యం తలక్రిందులుగా కనిపించేది. తిత్తిని ముందుకు వెనుకకు జరిపి, దృశ్యం స్ఫుటంగా కుదిరిన తరువాత, ఆ గాజును తొలగించి, మందు పూసిన పలకను అమర్చి, కటకం మూత తీసి, లెక్కపెట్టి తిరిగి మూసేవారు. ఆయన ఈ విద్య నేర్చుకొనిన రోజుల్లో తడిపలక పద్ధతి వాడుకలో ఉండేది. గాజుపై కలోడియన్ ద్రవం పోసి, వెండి లవణంలో ముంచి, అది ఆరిపోకముందే చిత్రం తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగవలసి ఉండేది. మన ఎండలకు ఆ తడి ఎంతసేపు నిలిచేనో ఊహించుకోవచ్చు. పెట్టె, ముక్కాలిపీట, గాజుపలకలు, మందుసీసాలు, నీళ్ళు, గుడారం అన్నింటినీ మోసుకొని కొండలెక్కి చిత్రాలు తీసిన ఓపిక అది. తరువాత సిద్ధంగా లభించే పొడిపలకలు వచ్చి ఈ శ్రమ కొంత తగ్గింది.

చిత్రం ముద్రించే కాగితానికి కోడిగ్రుడ్డు తెల్లసొన పూసి, వెండి లవణంతో స్పందింపజేసి, గాజుపలకను దానిపై ఉంచి, ఎండలో పెట్టేవారు. పలక ఎంత కొలతో చిత్రమూ అంతే. పెద్ద చిత్రం కావలెనన్నచో పెద్ద పలక, పెద్ద పలక కావలెనన్నచో పెద్ద కెమెరా తప్పదు. నాటి చిత్రాలలో మసీదు గోడలపై ప్రతి రాయి విడివిడిగా కనిపించుటకు ఇదియే రహస్యం.

1885లో దీన్ దయాళ్ భారత వైస్రాయికి ఛాయాచిత్రకారుడుగా నియమితులైనారు. ఆ కాలంలోనే నిజాం ఆస్థాన చిత్రకారుని పదవి కూడా లభించింది. అప్పటికి మహబూబ్ అలీ ఖాన్ వయస్సు ఇరవై ఏండ్లు నిండలేదు. 1869లో పసితనంలోనే గద్దెనెక్కిన ఆయన 1884లో పూర్తి అధికారాలు స్వీకరించి ఏడాది మాత్రమే అయింది. దీన్ దయాళ్ నలుబది దాటినవారు. ఆ యువప్రభువు, ఈ అనుభవజ్ఞుడు కలియుట నగర చరిత్రలో శుభఘడియ. 1886లో సికింద్రాబాదులో స్టూడియో వెలసింది. కంటోన్మెంటు దొరలు, హైదరాబాదు అమీరులు ఇరువురూ అదే మెట్లెక్కి, అదే కటకం ముందు కూర్చున్నారు. 1896లో బొంబాయిలో మరియొక స్టూడియో తెరవబడింది. విక్టోరియా మహారాణి ఛాయాచిత్రకారుడను గౌరవమూ ఆయనకు దక్కింది.

నిజాం ప్రభువు ఆయనకు ఇచ్చిన బిరుదు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్. ఈ బిరుదును గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. ముసవ్విర్ అనగా రూపమిచ్చువాడు, చిత్రకారుడు. అల్లాహ్ శుభనామములలో అల్-ముసవ్విర్ ఒకటి. ప్రాణుల రూపాలను చిత్రించడం తగునా తగదా అను విషయమై ఇస్లాం ధర్మవేత్తలలో భేదాభిప్రాయాలు కలవు. ఛాయాచిత్రం చేతితో గీసినది కాదనీ, అద్దంలో నీడ వంటిదనీ కొందరు వాదించగా, కొందరు దానినీ అంగీకరించలేదు. అట్టి వాదాలు గల సమాజంలో ఒక ముస్లిం ప్రభువు, ఒక జైన కళాకారునికి ఇంతటి పదంతో బిరుదు ప్రసాదించడం ఆనాటి దక్కను సంస్కారానికి నిదర్శనం. ఆసఫ్ అను కలంపేరుతో ఉర్దూ కవిత్వం చెప్పిన ఆ నిజాం, తన చిత్రకారుని మెచ్చుకొని ఒక పద్యం కూడా చెప్పినట్లు ప్రతీతి.

దీన్ దయాళ్ ఎదుర్కొన్న అసలు పరీక్ష మరియొకటి ఉంది. నగరంలోని సంపన్న కుటుంబాలలో స్త్రీలు పరదాలో ఉండేవారు. పరపురుషుని ఎదుట ముఖం చూపడమే కూడని చోట, అతని కెమెరా ఎదుట కూర్చొనుట ఎట్లు? కుటుంబంలోని పురుషుల చిత్రాలు గోడలకెక్కినవి. తల్లుల, అక్కచెల్లెళ్ళ ముఖాలు కాలగర్భంలో కలిసిపోతున్నవి. ఈ చిక్కును ఆయన బలవంతంతో గాని, పరిహాసంతో గాని విప్పలేదు. 1892లో హైదరాబాదులో స్త్రీల కొరకు ప్రత్యేకంగా జనానా స్టూడియోను నెలకొల్పారు. ఎత్తైన గోడల నడుమ గల ఆ స్టూడియో నిర్వహణ కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల మహిళ చేతిలో ఉండేది. చిత్రం తీసేదీ స్త్రీయే, సహాయకులూ స్త్రీలే. పరదా భంగం కాలేదు, చిత్రమూ దక్కింది.

ఈ ఏర్పాటు వెనుక వ్యాపారదృష్టి లేదని మేము అనము. స్టూడియో నడుపువారికి గిరాకీ కావలెను గదా! కాని గిరాకీ కొరకే అయినా ఎదుటివారి మర్యాదను ముందు గుర్తించి, తన పద్ధతిని దానికి అనుగుణంగా మార్చుకొనుట అందరికీ అలవడే గుణం కాదు. ఆయన వృత్తికి ఆధారం కటకం కాదు, నమ్మకం. వైస్రాయి గాని, నిజాం గాని, పరదాలోని బేగం గాని, తమ రూపాన్ని ఆయన సంస్థకు అప్పగించినారంటే, అది దుర్వినియోగం కాదను విశ్వాసం వల్లనే.

ఈ సందర్భంలో యంత్రాన్ని గురించి కొంత ముచ్చటించవలసి ఉంది. దీన్ దయాళ్ అనంతరం కెమెరా నానాటికీ చిన్నదైంది. 1925లో జర్మనీ నుండి లైకా అను చిన్న కెమెరా వెలువడింది. 1932 నాటి లైకాలో దూరాన్ని కొలిచే రేంజ్‌ఫైండర్ ఏర్పాటు కటకంతో జోడించబడింది. 2006లో ఆ వంశపు కెమెరా ఫిల్ము లేకుండ పనిచేసే డిజిటల్ రూపం దాల్చింది. దాని వెల సామాన్య ఉపాధ్యాయునికి అందరానిది. ఒక మిత్రుని సౌజన్యంతో అట్టి కెమెరాను ఒక సాయంకాలం చేతబట్టి, చార్మినారు నుండి లాడ్ బజారు వరకు నడిచే అవకాశం మాకు కలిగింది. పిడికిలికి నిండైన బరువు. కిటికీ వంటి చిన్న అద్దంలో చూస్తే నడుమ ఒకే వస్తువు రెండు నీడలుగా కనిపిస్తుంది. కటకం చుట్టూ ఉన్న వలయాన్ని వ్రేలితో మెల్లగా త్రిప్పగా ఆ రెండు నీడలూ దగ్గరై ఒకటవుతాయి. అప్పుడే చిత్రం స్ఫుటం. దూరాన్ని ఆ యంత్రం తనంతట తాను నిర్ణయించదు, నిర్ణయించవలసినది మనమే. ఇంత ఆధునిక యంత్రంలోనూ దీన్ దయాళ్ నల్లగుడ్డ క్రింద చేసిన పనియే మిగిలి ఉన్నదని మాకు తోచింది.

అయితే గాజుల దుకాణం ముందు బేరమాడుతున్న ఒక వృద్ధురాలు మమ్ము చూచి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొనగానే, ఆ యంత్రపు విలువ యావత్తూ క్షణంలో శూన్యమైంది. వలయం త్రిప్పి రెండు నీడలను కలుపవచ్చును. రెండు మనస్సుల నడుమ దూరాన్ని కొలిచే రేంజ్‌ఫైండర్ ఏ కర్మాగారంలోనూ తయారు కాదు. కెమెరా దించి, సలాము చేసి ముందుకు సాగితిమి. జనానా స్టూడియో గోడలు ఎందుకు అంత ఎత్తుగా కట్టబడినవో నాడు మాకు బోధపడింది.

దీన్ దయాళ్ తీసిన చిత్రాలలో రాజులు, దొరలు, ఏనుగులు, చంపబడిన పులులు అధికంగా కనిపిస్తాయనుట నిజమే. 1902లో లార్డ్ కర్జన్ దంపతులు నిజాం రాజ్యంలో వేటాడిన పులితో దిగిన చిత్రం లోకప్రసిద్ధం. పోషించినవారి కోరికపై తీసినవి గనుక వాటిలో పోషకుల వైభవమే నిండి ఉంటుంది. కాని 1899-1900 నాటి ఘోరమైన కరువులో నిజాం రాజ్యంలో జరిగిన సహాయ కార్యాలను కూడా ఆయన సంస్థ చిత్రించింది. దర్బారు పట్టువస్త్రాలను చూపిన ఆ కటకమే బక్కచిక్కిన శరీరాలనూ చూపింది. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూచినప్పుడే ఆ కాలపు పూర్తి చిత్రం మనకు లభిస్తుంది.

ఆయన వృద్ధాప్యం సుఖంగా గడవలేదు. సంస్థలో తనకు కుడిభుజంగా నిలిచిన కుమారుడు ధరంచంద్ 1904లో మరణించగా, మరుసటి సంవత్సరం 1905లో దీన్ దయాళ్ కూడా కన్నుమూశారు. మరియొక కుమారుడు జ్ఞాన్‌చంద్ సంస్థను కొంతకాలం నడిపారు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ మరణంతో ఆస్థానపు ఆ వైభవమూ ముగిసింది. పగిలిన పలకలు పగిలిపోగా, మిగిలినవానిలో 2,857 గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొనుగోలు చేసి భద్రపరచింది. 2006లో భారత తపాలాశాఖ ఆయన పేరిట తపాలా బిళ్ళను విడుదల చేసింది.

పలకలు నిలిచినవి, కాని వాటిలోని ఎందరి పేర్లో నిలువలేదు. నిజాము పేరు మనకు తెలుసు, కర్జన్ పేరు తెలుసు. వారి వెనుక గొడుగు పట్టి నిలుచున్నవాని పేరు తెలియదు. కరువు చిత్రంలో బిడ్డను ఎత్తుకొన్న తల్లి పేరు తెలియదు. ముఖం ఉండి పేరు లేకపోవుట కూడా ఒక విధమైన మరణమే.

కావున మా విద్యార్థులకు మేము చేయు మనవి ఇంతే. నేడు మీలో ప్రతి ఒక్కరి జేబులో కెమెరా ఉంది. ఎవరి చిత్రం తీసినా మునుముందుగా వారి అనుమతి కోరండి. ఆ అనుమతియే అన్నింటికన్న విలువైన కటకం. రెండవది: పాతనగరపు ఇండ్లలో, దాదీ అమ్మల, నానీ అమ్మల పెట్టెల అడుగున, పసుపువన్నెకు తిరిగిన పాత చిత్రాలు నేటికీ ఉన్నాయి. ఆ పెద్దలు మన మధ్య ఉండగానే వారి ప్రక్కన కూర్చుని, అందులో ఎవరెవరున్నారో అడగండి. చెప్పిన పేర్లను చిత్రం వెనుక పెన్సిలుతో, ఒత్తకుండా, ఉర్దూలోనో తెలుగులోనో వ్రాసి ఉంచండి. సిరా కాగితంలోకి ఇంకి చిత్రాన్ని పాడుచేస్తుంది. రాజులకు ముసవ్విర్ జంగ్ దొరికినాడు. మన ఇంటివారికి మనమే దొరకాలి.