రాగిపాత్రలలో గాలిని పరీక్షించిన జౌల్

ఇంగ్లండులోని సాల్ఫర్డ్ పట్టణంలో, బీరు తయారీ వృత్తిగా గల సంపన్న కుటుంబంలో, 1818 డిసెంబరు 24న జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ జన్మించారు. బాల్యంలో ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో చదువు ఇంటివద్దనే సాగింది. పరమాణు సిద్ధాంతకర్త జాన్ డాల్టన్ కొంతకాలం ఆయనకు, అన్నగారికి గణితం బోధించారు. జౌల్‌కు విశ్వవిద్యాలయ పట్టా లేదు, ఆచార్య పదవి లేదు.

ఆనాడు ఉష్ణం ఒక సూక్ష్మ ద్రవమని పలువురు పండితుల నమ్మకం. పని ఉష్ణంగా మారుతుందని 1843లో జౌల్ చెప్పినప్పుడు విన్నవారు తక్కువ. గాలిపై ఆయన రాసిన పత్రాన్ని 1844లో రాయల్ సొసైటీ తన ప్రధాన పత్రికలో ప్రచురించలేదు. అది మరుసటి ఏడాది మరో పత్రికలో వెలువడింది.

ఆ ప్రయోగం ఇది. రెండు రాగిపాత్రలను గొట్టంతో కలిపారు. ఒకదానిలో 22 వాతావరణాల పీడనంతో గాలి నింపి, రెండవదానిని శూన్యం చేసి, రెంటినీ నీటితొట్టిలో ఉంచారు. మర తిప్పగానే గాలి శూన్యంలోకి వ్యాపించింది. నీటి ఉష్ణోగ్రత మాత్రం మారలేదు. పాత్రలను వేర్వేరు తొట్లలో ఉంచినప్పుడు ఒకటి చల్లబడింది, మరొకటి దాదాపు అంతే వేడెక్కింది.

వ్యాపించిన గాలి బయట ఏ పనీ చేయలేదు, బయటినుండి ఉష్ణమూ గ్రహించలేదు. కనుక దాని అంతర్గత శక్తి మారలేదు. ఘనపరిమాణం పెరిగినా ఉష్ణోగ్రత నిలిచింది. ఆదర్శ వాయువు అంతర్గత శక్తి ఉష్ణోగ్రతపైనే ఆధారపడుతుందన్న నియమానికి ఇదే పునాది. అట్టి వాయువులో అణువుల నడుమ ఆకర్షణ ఉండదు. అందుచేత అవి దూరమైనా శక్తి వ్యయం కాదు.

1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో యువకుడైన విలియం థామ్సన్ ఆయన ప్రసంగంలోని విలువను గుర్తించారు. ఆ ఏడే జౌల్‌కు అమీలియా గ్రైమ్స్‌తో వివాహమైంది. 1854లో ఆమె మరణించగా, ఇద్దరు పిల్లలతో ఆయన ఒంటరివారయ్యారు. అయినా ప్రయోగాలు ఆగలేదు.

నీరు, రాగి అధికం కావడంతో తొలి ప్రయోగంలో స్వల్ప మార్పు కనబడే వీలు లేదు. 1852 నుండి థామ్సన్‌తో కలిసి గాలిని సన్నని రంధ్రాలగుండా పంపి చూడగా, అది కొద్దిగా చల్లబడింది. నిజవాయువుల అణువుల నడుమ కొంత ఆకర్షణ ఉన్నదని, నియమం ఆదర్శ వాయువుకే పూర్తిగా వర్తిస్తుందని తేలింది. తన తొలి ఫలితానికి గల హద్దును జౌల్ తన చేతులతోనే కొలిచారు. ఆ చల్లదనమే 1895లో గాలిని ద్రవంగా మార్చే యంత్రాలకు మార్గమైంది.

1889 అక్టోబరు 11న సేల్ గ్రామంలో జౌల్ కన్నుమూశారు. ఆయన సమాధిపై 772.55 అన్న సంఖ్య చెక్కి ఉన్నది. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడిచేయడానికి అవసరమైన పనికి ఆయన కట్టిన కొలత అది. నేడు శక్తికి ప్రమాణం ఆయన పేరే.