విశ్వేశ్వరయ్యకు దండ సరే.. మరి వర్క్‌షాప్ తాళం?

సెప్టెంబర్ 15 వస్తే మీ కాలేజీలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. స్టేజీ మీద విశ్వేశ్వరయ్య ఫొటో, దానికో బంతిపూల దండ, ప్రిన్సిపాల్ సార్ స్పీచ్, చివర్లో సమోసా. నేనూ నాలుగేళ్లు తిన్నాను. ఆ నాలుగేళ్లూ మా వర్క్‌షాప్‌లో సీఎన్‌సీ మెషిన్ ఒకటి ప్లాస్టిక్ కవర్ కప్పుకుని నిద్రపోయింది. మా బ్యాచ్‌లో దాని బటన్ నొక్కినవాళ్లు ఒక్కరూ లేరు. రికార్డులో మాత్రం అందరం ‘ప్రయోగం’ చేసేశాం. మొదటి ఇంటర్వ్యూలో జీ-కోడ్ గురించి అడిగితే నేను నోరెళ్లబెట్టాను.

అందుకే ఈసారి ఆ ఫొటోలోని పెద్దాయన సంగతి కాస్త వేరే వైపు నుంచి చెప్తాను. డ్యాములు, తలపాగా అందరికీ తెలిసినవే.

మోక్షగుండం ఆయన ఇంటిపేరు. అది మన గిద్దలూరు దగ్గరి ఊరు, పూర్వీకులు అక్కడివాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు. పుట్టింది మాత్రం 1861లో, చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దెనహళ్లిలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూ, ఫీజు కోసం పిల్లలకు ట్యూషన్లు చెప్పుకున్నారు. డిగ్రీ అయ్యాక మైసూరు సంస్థానం స్కాలర్‌షిప్ ఇచ్చి పూనా పంపింది. 1883లో ఇంజినీరింగ్‌లో ఫస్ట్ వచ్చి, మరుసటి ఏడాదే బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజినీర్‌గా చేరారు. స్కాలర్‌షిప్ లేకపోతే ఈ కథే లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూస్తున్న మీకు ఈ ముక్క వేరే చెప్పక్కర్లేదు.

పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన డిజైన్ చేసిన గేట్లు బిగించారు. నీటిమట్టం ఒక స్థాయి దాటితే అవి వాటంతట అవే తెరుచుకుంటాయి. తగ్గితే మూసుకుంటాయి. మోటారు లేదు, సెన్సర్ లేదు, కరెంటు అసలే లేదు. ఇలా అయితే అలా చెయ్యి అన్న షరతు మనం కోడ్‌లో రాస్తాం, ఆయన ఇనుములో రాశారు. ఆటోమేషన్ అంటే లాప్‌టాప్ అనుకునే ఫ్రెండ్ ఉంటే ఈ గేట్ల సంగతి చెప్పండి. పేటెంట్ తీసుకున్నారు కానీ, తను పనిచేసే ప్రభుత్వం నుంచి రాయల్టీ ఎందుకని వద్దన్నారు.

మన దగ్గరికి వచ్చింది 1909లో. అంతకుముందు ఏడాది సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. వలిగొండ మీదుగా, రామన్నపేటకు పక్కగా ఇవాళ పారుతున్నదీ ఆ మూసీయే. నిజాం ప్రభుత్వం పిలిస్తే ఆయన వచ్చి చేసిన మొదటి పని లెక్కలు పోగేయడం. వాన ఎక్కడెక్కడ ఎంత పడింది, ఏ వైపు నుంచి ఎంత నీరొచ్చింది, పైనున్న చెరువులు ఎన్ని తెగాయి? ఆ తర్వాతే మూసీ మీద, ఈసీ మీద నగరానికి ఎగువన జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. కట్టింది వేరేవాళ్లు. ఆయన 1909 నవంబర్‌లోనే మైసూరు చీఫ్ ఇంజినీర్‌గా వెళ్లిపోయారు, 1912లో దివాన్ అయ్యారు.

ఇక మనకు కావాల్సిన భాగం. 1898లో ఆయన జపాన్ వెళ్లారు. అక్కడి ఫ్యాక్టరీలతో పాటు, వాటికి మనుషుల్ని తయారుచేసే బడులనూ చూశారు. ఆ చూపు చివరిదాకా పోలేదు. దివాన్‌గా ఉండగా 1916లో మైసూరు యూనివర్సిటీ వచ్చింది, 1917లో బెంగళూరులో ఇంజినీరింగ్ కాలేజీ మొదలైంది. తర్వాత భద్రావతి ఇనుము ఫ్యాక్టరీ నష్టాల్లో మునుగుతుంటే 1923లో దాని బాధ్యత నెత్తిన వేసుకుని, ఆరేళ్లు నడిపి గట్టెక్కించారు. విదేశీ నిపుణులు చేసే పనిని ఇక్కడి వాళ్లకు నేర్పించారు. ఆ సేవకు తనకు రావాల్సిన డబ్బు తీసుకోలేదు, దాంతో చేతిపని నేర్పే బడి పెట్టమన్నారు. 1943లో బెంగళూరులో అది తెరుచుకుంది. తన పేరు కాకుండా మహారాజు జయచామరాజేంద్ర పేరు పెట్టించారు. అదే ఇప్పటి ఎస్‌జే పాలిటెక్నిక్. గురుదత్ సినిమాల కెమెరామన్ వి.కె. మూర్తి, ఆ తర్వాత గోవింద్ నిహలానీ కెమెరా పట్టడం నేర్చుకున్నది అక్కడే. నాకైతే ఆయన పనుల్లో కృష్ణరాజసాగర్ కంటే ఈ బడే ఎక్కువ నచ్చుతుంది.

ఒక మాట దాచను. 1918లో ఆయన దివాన్ పదవి వదిలేయడానికి కారణం, ప్రభుత్వ ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకు రిజర్వేషన్లు వద్దనుకోవడం. మెరిట్ దెబ్బతింటుందని ఆయన వాదన. స్కాలర్‌షిప్‌తో పైకొచ్చిన మనిషికి, ఆ మొదటి మెట్టు దాకా కూడా రాలేనివాళ్లు కనపడలేదేమో. సిరిపురంలో మగ్గం ముందు కూర్చున్న తండ్రి కొడుకు ఈ రోజు బీటెక్ చదువుతున్నాడంటే, ఆయన వద్దన్న దారి కూడా అందుకు కారణమే. దండ వేస్తూనే ఈ సంగతీ గుర్తుపెట్టుకోవచ్చు, తప్పేం లేదు.

డెబ్బై దాటాక కూడా ఊరుకోలేదు. 1934లో దేశానికి ఆర్థిక ప్రణాళిక మీద పుస్తకం రాశారు. 1935లో కార్ల ఫ్యాక్టరీ పెట్టాలని యూరప్, అమెరికా తిరిగొచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వం పడనివ్వలేదు. 1955లో భారతరత్న, 1962 ఏప్రిల్‌లో మరణం.

ఆ బడిలో నేర్పిన పని ఇవాళ రూపం మార్చుకుంది. డిజైన్‌ను కంప్యూటర్‌లో గీయడం, దాన్ని టూల్ నడిచే దారిగా మార్చడం, జీ-కోడ్ తీసి మెషిన్ మీద ముక్క కోయడం, కోసినదాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవడం. మొదటి మూడూ స్క్రీన్ మీద నేర్చుకోవచ్చు. ఆఖరిది మాత్రం చేతికి నూనె అంటితేనే వస్తుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు పట్టుకునేదీ అక్కడే.

మనకు దారులు లేవని కాదు. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఇదే నేర్పుతోంది. రాయదుర్గంలో 2023లో టీ-వర్క్స్ తెరిచారు, 3డీ ప్రింటర్ల నుంచి మెటల్ షాప్ దాకా ఉన్న ప్రోటోటైపింగ్ సెంటర్ అది. రాష్ట్రంలోని 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. బీటెక్ వాళ్లం ఐటీఐకి పోవడమేంటని మొహమాటపడకండి, మెషిన్‌కు మీ డిగ్రీతో పని లేదు.

రామన్నపేట నుంచి రోజూ సిటీకి వెళ్లిరావడం కష్టమైతే ఇంట్లోనే మొదలుపెట్టండి. ఫ్రీక్యాడ్ ఉచితం. అందులో డిజైన్ గీసి జీ-కోడ్ దాకా తీయొచ్చు, టూల్ ఎలా కదులుతుందో సిమ్యులేషన్‌లో చూడొచ్చు. మొదటి ప్రాజెక్ట్‌గా మీ వీధిలో మగ్గానికి అరిగిపోయిన ఏదో ఒక భాగం అడిగి తెచ్చుకోండి. కొలవండి, గీయండి. ఆ ఫైల్ పట్టుకుని నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లి, వర్క్‌షాప్‌లో కవర్ కింద ఉన్న మెషిన్ మీద దీన్ని కోస్తాం సార్, తాళం ఇప్పించండి అని అడగండి. సెప్టెంబర్ 15న అయితే కాదనడం ఆయనకూ కొంచెం కష్టమే.