జై హింద్ వెనుక హైదరాబాదీ మేజర్

సెల్యూట్ చేస్తూ జవాను జై హింద్ అంటాడు. దర్బార్ ముగిస్తూ కమాండింగ్ ఆఫీసరూ అదే అంటాడు. ఈ పలకరింపు ఏ ప్రభుత్వ ఉత్తర్వుతోనూ పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీలోని భారత స్వచ్ఛంద దళానికి ఎదురైన ఒక చిక్కును విప్పడానికి పుట్టింది. ఆ ఘనతను చాలామంది చరిత్రకారులు ఇచ్చేది ఆబిద్ హసన్‌కు. ఆయన మన హైదరాబాద్ వాడు.

1911లో పుట్టిన ఆయన అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. వలస పాలనను వ్యతిరేకించిన కుటుంబం వారిది. సంపన్నుల పిల్లలు పైచదువులకు ఇంగ్లండ్ దారి పట్టే రోజుల్లో ఆయన ఇంజనీరింగ్ కోసం జర్మనీ వెళ్లారు. 1941లో సుభాష్ చంద్రబోస్ బెర్లిన్ చేరాక చదువు వదిలేసి ఆయనకు కార్యదర్శిగా, దుబాసీగా కుదిరారు.

ఉత్తర ఆఫ్రికా పోరులో పట్టుబడిన భారత సైనికుల నుంచి బోస్ అప్పుడు ఒక దళాన్ని సమీకరిస్తున్నారు. బ్రిటిష్ ఇండియా సైన్యంలో కంపెనీలు కులం, మతం, ప్రాంతం లెక్కన ఉండేవి. సిక్కులు ఒకచోట, డోగ్రాలు ఒకచోట, పంజాబీ ముస్లింలు ఇంకోచోట. బోస్ అందరినీ ఒకే యూనిట్‌లో కలిపారు. కలిపాక పలకరింపు దగ్గరే తేడా కనిపించింది. ఒకరు రామ్ రామ్ అంటే, ఒకరు సలాం అనేవారు, మరొకరు సత్ శ్రీ అకాల్ అనేవారు. ఎవరి మనసూ నొప్పించకుండా అందరి నోటా పలికే మాట కావాలి. ఆబిద్ సూచించిన రెండు చిన్న పదాలు ఆ పని చేశాయి.

1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి జర్మన్ జలాంతర్గామి యూ-180 బయల్దేరింది. అందులో బోస్ వెంట ఉన్న ఏకైక భారతీయుడు ఆబిద్. డీజిల్ వాసన, ఇరుకు గది, పైన శత్రు నౌకలు. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ సమీపంలో, అలలు ఎగసిపడుతుండగా, ఇద్దరూ రబ్బరు తెప్ప మీద జపాన్ జలాంతర్గామి ఐ-29కి మారారు. మే నెలలో సుమత్రా దగ్గరి సబాంగ్ చేరారు.

ఆజాద్ హింద్ ఫౌజ్‌లో ఆబిద్ మేజర్ అయ్యారు. 1944 ఇంఫాల్ దండయాత్రలో పాల్గొన్నారు. ఒక సైన్యం అసలు స్వరూపం బయటపడేది తిరోగమనంలోనే. విమాన రక్షణ లేదు, ఫిరంగులు లేవు. రుతుపవనాలు దిగేసరికి తిండీ మందులూ అందలేదు. ముందుకు వెళ్లిన సుమారు 6,000 మందిలో సగం మంది కూడా వెనక్కి రాలేదు. తూటాల కంటే ఆకలి, మలేరియా, విరేచనాలే ఎక్కువ మందిని తీసుకుపోయాయి. ఆ బురదదారుల్లో నడిచిన తన సహచరుల గురించి ఆబిద్ తర్వాత ఒక చిన్న పుస్తకమే రాశారు.

1945 ఆగస్టులో బోస్ చివరి ప్రయాణానికి సైగాన్ దాకా వెళ్లినవారిలో ఆయనా ఉన్నారు. విమానంలో చోటు లేక మిగతావారితో పాటు అక్కడే ఆగిపోయారు. ఆ తర్వాత నిర్బంధం, విడుదల.

యుద్ధ ఖైదీలు ప్రమాణం మార్చుకోవడంపై సైనికాధికారుల్లో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. అకాడమీలో ప్రమాణం చేసి బయటికొచ్చిన నాలాంటి వాడికి అది తేలిగ్గా కొట్టిపారేయగల ప్రశ్న కాదు. స్వతంత్ర భారత సైన్యం కూడా ఫౌజ్ సైనికులను తిరిగి కొలువులోకి తీసుకోలేదు. ఆబిద్ విషయంలో మాత్రం ఆ చిక్కు లేదు. ఆయన ఎన్నడూ బ్రిటిష్ రాజు ఉప్పు తినలేదు. పౌరుడిగా వచ్చి, ఇష్టపడి యూనిఫాం వేసుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక విదేశాంగ సర్వీసులో చేరి డెన్మార్క్ సహా పలు దేశాల్లో భారత రాయబారిగా పనిచేశారు. 1969లో పదవీ విరమణ చేసి హైదరాబాద్ వచ్చేశారు. 1984లో కన్నుమూశారు. జెండా రంగు మీద సహచరుల మధ్య వాదం వచ్చినప్పుడు, కాషాయం కావాలన్న హిందువులు పట్టు సడలించారనీ, ఆ పెద్దమనసుకు కదిలిపోయి ఆయన తన పేరు చివర కాషాయానికి గుర్తుగా సఫ్రానీ అని చేర్చుకున్నారనీ చెబుతారు.

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం మన రెజిమెంట్లను అఖిల భారత, అన్ని వర్గాల నియామకం వైపు నడిపిస్తోంది. ఒకే కులం, ఒకే ప్రాంతం అనే బంధం సడలితే పోరాట పటిమ తగ్గుతుందన్న భయం చాలామంది పాతవాళ్లలో ఉంది. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. వేర్వేరు ఊళ్లవాళ్లను ఒక బారక్‌లో పడుకోబెట్టినంత మాత్రాన వాళ్లు ఒక సెక్షన్ అయిపోరు. వాళ్లను కలిపే పని ఎవరో ఒక అధికారి పూనుకుని, పలకరింపు నుంచి పళ్లెం దాకా ఓపిగ్గా చేయాలి. ఎనభై ఏళ్ల కిందట పరాయి గడ్డ మీద ఆబిద్ ఆ పని చేసి చూపించారు. యువ అధికారుల శిక్షణలో ఆయన జీవితానికి ఒక్క పీరియడైనా కేటాయించడం మంచిది.

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి, శంకర్ నగర్, రాయ్‌పూర్)